మోతి ఉరకొద్దన్నారు

బావకు,

మల్లీశ్వరి రాస్తున్నది. ఇక్కడ అత్తమ్మా నేనూ బాగానే ఉన్నాం. నువ్వూ మందా బాగుండాలని రోజూ మొక్కుకుంటున్నాను. మక్తల్ దిక్కున మన గొర్రెల దొడ్డి చుట్టూ తోడేళ్లు తిరుగుతున్నాయని నీ ఉత్తరంలో చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఫోన్ అందని జాగాలో ఉన్నావు, ఫికర్ చేయక ఏం చేయను?

"మోతి లేచిందా? లేస్తే పరమేష్‌తో పంపు. లేవకుంటే ప్రాణం పోయే సూది ఇప్పించి దాని బాధ తీర్చు" అని రాశావు. వాత పెట్టించావా అని కూడా అడిగావు. మంద బయల్దేరిన రోజు టిప్పర్ తగిలి మోతి నడుము పడిపోయింది కదా, కుక్క అని చూడకుండా కుంటి గొర్రెకు పెట్టినట్టే అత్తమ్మ ఆ రోజే కొడవలి కాల్చి దాని నడుముకు పెట్టింది. షాద్‌నగర్ పశువుల దవాఖానలో దీప్తి డాక్టరమ్మ అది చూసి తల పట్టుకుంది. పుండు మానేదాకా నీళ్లలో దించొద్దంది. అత్తమ్మ ఆ పూట అన్నం తినలేదు.

డాక్టరమ్మ నేర్పినట్టే చేస్తున్నాను. వెనక కాళ్లు మెల్లగా మడిచి చాపుతాను. కడుపు కింద తువ్వాల వేసి పైకి పట్టి నిలబెడతాను. పుండు మానాక బోరు దగ్గరి తొట్టిలో నీళ్లు నింపి అందులో అడుగులు వేయిస్తున్నాను. నీళ్లలో ఒంటి బరువు తెలియదట. మొదట్లో నన్ను కరిచింది కూడా. "కుక్కకు బాలింత సేవ చేస్తున్నవేందే" అని అత్తమ్మ నవ్వింది గానీ, ఇప్పుడు తువ్వాల రెండో కొస ఆమే పట్టుకుంటోంది.

ఈ పొద్దున మంద కాడికి బియ్యం తీసుకుపోవడానికి పరమేష్ ఆటోలో రానే వచ్చాడు.

"వదినా, మోతి లేచిందా? అన్న తోల్కరమ్మన్నడు."

"యాడ లేచింది? పడ్డకాడ్నే ఉంది" అన్నాను.

అప్పటికే మోతిని కొట్టంలో కట్టేసి తలుపు గొళ్లెం పెట్టాను. లోపల మొరుగుతుందేమోనని గొంతు పెంచి మాట్లాడాను. అత్తమ్మ నా మొహం చూసి, పరమేష్‌కు బియ్యం మూటలు చూపించింది. పరమేష్ వాకిట్లో మూటలు ఆటోకెక్కిస్తున్నాడు, అతని చేతికే ఇచ్చి పంపాలని నేను లోపల కూర్చుని ఇది రాస్తున్నాను. అతను నోటితో ఏం చెప్పినా నువ్వు నమ్మకు.

బావా, మోతి నడుస్తోంది.

వాకిట్లో నుంచి ఎవరి గొర్రెలు పోయినా వెంట పోవాలని గుంజుతోంది. "నడవాలె గని ఉరకొద్దు. వానలు పడకముందు ఉరికితే నడుము మళ్ల పడిపోతది, అప్పుడు నాతోని కాదు" అంది డాక్టరమ్మ. తోడేలును చూస్తే మోతి ఆగుతుందా? లేచిందంటే తీసుకుపోతావు, లేవలేదంటే సూది అంటావు. ఏది రాయాలో తెలియక ఏడ్చాను. కానీ అక్కడ నువ్వు ఒక్కడివే కావలి కాస్తుంటే, నీకు అబద్ధం చెప్పి నేను ఇక్కడ కంటినిండా నిద్రపోలేను.

మోతిని డాక్టరమ్మకు ఇంకోసారి చూపిస్తాను. పరమేష్ మళ్లీ బియ్యానికి వచ్చినప్పుడు అదే ఆటోలో మోతిని ఒళ్లో పెట్టుకుని నేనూ వస్తున్నాను. అత్తమ్మ పొమ్మంది. కోపం వస్తే వచ్చినాక తిట్టు. మోతిని దొడ్డి గుంజకు కట్టేస్తాను, దాని గొంతుకు ఏ దెబ్బా తగల్లేదు. అది మొరిగిన దిక్కుకు నేను ఉరుకుతాను.

ఇట్లు,
నీ మాట వినని భార్య
మల్లీశ్వరి