ఏడాది పాటు ఒకే రేటు

విశాఖపట్నం,
బుధవారం.

నాగమణికి, దొరబాబు రాసేది.

ఇక్కడ నేనూ అమ్మా బాగున్నాం. అక్కడ రాయగడలో నువ్వూ, కాంతం వదినా, మీ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మన ధనశ్రీ హాస్టల్ నుంచి రోజూ మీ బావగారి ఫోన్‌కి చేసి నీతో మాట్లాడుతోందట కదా, అందుకని దాని కబుర్లు నేను రాయను.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. పోస్ట్‌మాన్ అమ్మ చేతికిచ్చాడు. నేను డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునేదాకా అమ్మ దాన్ని చూపించనే లేదు. తర్వాత ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "ఏరా అబ్బాయ్, గట్టిగా చదవరా, నాకూ వినపడాలి" అంది. చదివాను. రెండు మూడు చోట్ల మాత్రం లోపల్లోపలే చదువుకున్నాను. అవి ఎక్కడో నీకు తెలుసు.

మోకాలి ఆపరేషన్ అయిన నెలకే వదిన వాకర్ పట్టుకుని వరండాదాకా నడిచిందని వినగానే అమ్మ రెండు చేతులూ జోడించింది. నువ్వు అడిగినవి: బీపీ మాత్ర వేసుకుంటున్నాను, రెండు రోజులు మర్చిపోయిన మాట నిజం. అమ్మ కంట్లో చుక్కలు నేనే వేస్తున్నాను. చుక్క పడకముందే కళ్ళు మూసేసి, పడిందని వాదిస్తుంది. ఆదివారం కోనాం చేప తెచ్చాను. అమ్మ పులుసు పెట్టింది. నీ చెయ్యి పడితే చింతపండు ఎక్కువవుతుందని నాకు చెప్పి, నీకు రాయొద్దంది. రాశాను.

ఇక ఫోను సంగతి. "డబ్బు కట్టేశావా, లేదా?" అని ఒక్క ఉత్తరంలోనే మూడుసార్లు అడిగావు. ఇన్నాళ్ళూ "చూస్తున్నాను" అని రాసి తప్పించుకున్నాను. తేలేదాకా రాయకూడదనుకున్నాను. ఇప్పుడు మొదటినుంచీ చెప్తాను.

జనవరిలో మనిద్దరం వెళ్ళి తీసుకున్నాం కదా, ఆ జంట ప్లాను. రెండు నంబర్లకీ కలిపి నెలకి ఐదువందల తొంభై తొమ్మిది, ఏడాది పాటు ఒకే రేటు అని కాగితం మీద పెద్ద అక్షరాల్లో వేశారు. "మధ్యలో మార్చరు కదా బాబూ?" అని నువ్వు రెండుసార్లు అడిగావు. "మార్చం మేడమ్" అని వాళ్ళు రెండుసార్లు చెప్పారు. సరిగ్గా ఆరో నెలలో, నువ్వు రాయగడ రైలెక్కిన వారానికి, ఏడువందల పంతొమ్మిది చేశామని ఇంగ్లీషులో మెసేజ్ పెట్టారు. నేను పాత రేటే కట్టాను. వాళ్ళు రెండు నంబర్లూ ఆపేశారు. నెల తిరిగేలోగా మిగతాది కట్టకపోతే నంబర్లే తీసేస్తామని ఇంకో మెసేజ్. వాటిలో ఒకటి ధనశ్రీ పుట్టిన రోజున ఆసుపత్రి ఎదురుగా కొన్న నంబరు.

డ్యూటీలో సూరన్న రోజూ తిట్టాడు. "బావా, నువ్వేటి సేత్తన్నావ్? నూటిరవై రూపాయల కోసం పెళ్ళాంతో మాట మానేత్తావేటి? ఇదిగో నా ఫోను, సెయ్యి!" అని చేతిలో పెట్టేవాడు. చేశాను కూడా, నీకు తెలుసుగా. ఇటు సూరన్న చెవి, అటు మీ బావగారి చెవి. "బాగున్నావా?" "బాగున్నా." "అన్నం తిన్నావా?" "తిన్నా." అంతే. మీ బావగారి ఫోన్‌లో మొగుడితో కబుర్లేమిటని నువ్వు సిగ్గుపడ్డావు. అప్పుడేగా మనం ఉత్తరాలు మొదలుపెట్టింది.

గొడవెందుకు, కట్టేసి ఊరుకో అని నువ్వు మొదటి ఉత్తరంలో రాశావు. నూట ఇరవై మనకి భారమేమీ కాదు. నువ్వు అన్నిసార్లు అడిగి, నమ్మి, సంతకం పెట్టావు. నీ ముందు చెప్పిన మాట నీ వెనకాల మార్చేశారని నాకు కోపం వచ్చింది. అంతే.

నేను మాట్లాడేవాణ్ణి కాదు. పాతికేళ్ళుగా క్రేను కేబిన్‌లో ఒంటరిగా కూర్చునేవాడికి మాటలెక్కడ వస్తాయి? బ్యాంకులో అయినా, ధనశ్రీ కాలేజీలో అయినా మాట్లాడేది నువ్వే. నేను సంచి పట్టుకుని నీ వెనకాల నిలబడేవాణ్ణి. చివరికి ఒక రోజు పొద్దున్న డాబాగార్డెన్స్‌లో, మనం ప్లాను తీసుకున్న ఆ షాపు మెట్లెక్కుతుంటే చేతిలో సంచి లేదు, ముందు నువ్వు లేవు. రెండుసార్లు మెట్లెక్కి దిగాను. మూడోసారి లోపలికి వెళ్ళాను.

కౌంటర్‌లో ఉన్న అమ్మాయి పేరు హేమశ్రీ అని బ్యాడ్జి మీద ఉంది. కాగితం చూపించాను.

"సార్, కింద చూడండి. షరతులు వర్తిస్తాయి అని ఉంది సార్" అంది.

"ఏవమ్మా ఆ షరతులు?"

"చాలా ఉన్నాయి సార్, వెనకంతా అవే."

"చదువమ్మా. నాకు మూడింటిదాకా డ్యూటీ లేదు."

ఆ అమ్మాయి మేనేజరు వైపు చూసింది. ఆయన వచ్చి, "అందరికీ పెరిగింది సార్. సిస్టమ్‌లోనే మారిపోయింది, మా చేతిలో ఏం లేదు" అన్నాడు. నాకు రెండో మాట తోచలేదు. అందుకని మొదటిదే మళ్ళీ అన్నాను. "షరతులు చదివి చెప్పండి." ధైర్యం అనుకోకు నాగమణీ, నిజంగా ఇంకో మాట రాలేదు.

నా వెనకాల ఒకావిడ ఉంది, గంగాలమ్మ. ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్ముతుంది. ఖాళీ గంప గుమ్మం బయట పెట్టి వచ్చింది. "నాకూ పెంచీసినారు బాబూ. నానేటి ఇంగ్లీషు సదవగల్నా? అడిగినంతా కట్టీసినాను. సదువమ్మా, గట్టిగా సదువు, మాకూ ఇనబడాల!" అంది.

హేమశ్రీ ఒక్కొక్క షరతూ ఇంగ్లీషులో చూసి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి. లైనులో ఉన్నవాళ్ళంతా కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. ఫోను నీళ్ళలో పడితే కంపెనీ బాధ్యత లేదన్నది ఏడో షరతు. "సేపలమ్మేవోళ్ళ ఫోను నీళ్ళలో పడకుండా ఉంటాదేటి?" అంది గంగాలమ్మ. మేనేజరు కూడా నవ్వాడు.

పద్నాలుగోది వచ్చింది. "కంపెనీ తన రేట్లను ఎప్పుడైనా మార్చుకోవచ్చు" అని చెప్పి హేమశ్రీ ఆగిపోయింది. "చూశారా సార్, నేను చెప్పలా?" అన్నాడు మేనేజరు. ఇంక ఇంటికి పోదామనుకున్నాను. లేవబోయాను కూడా. ఆ అమ్మాయి పేజీ తిప్పింది. మిగతా సగం వెనక ఉంది.

"అయితే" అని చదివి, తనలో తాను ఇంకోసారి చూసుకుని, లేచి నిలబడింది. "అయితే ఒప్పంద కాలం నడుస్తున్నవాళ్ళకి ఆ కాలం ముగిసేవరకు పాత రేటే ఉంటుంది."

మేనేజరు కాగితం లాక్కుని పెదాలు కదుపుతూ తానే చదువుకున్నాడు. ఇన్నాళ్ళుగా ఆ కాగితం అమ్ముతున్నవాడు పేజీ తిప్పింది అదే మొదటిసారి అనుకుంటాను. "కూర్చోండి సార్, టీ తాగుతారా?" అన్నాడు.

"ఆయనొక్కడికేనా? మాకో?" అంది గంగాలమ్మ.

పదకొండు టీలు వచ్చాయి. పదకొండు ఫిర్యాదులు రాయించారు. అందరివీ హేమశ్రీయే రాసింది, సంతకాలు మేం పెట్టాం. పైవాళ్ళకి పంపి, తేలేదాకా నంబర్లు తీసెయ్యబోమని మేనేజరు మాటిచ్చాడు. మెట్లు దిగుతుంటే గంగాలమ్మ, "నీలాంటి మాటకారిని నాను సూణ్ణేదు బాబూ!" అంది. ఇంటికొచ్చి అమ్మకి చెప్తే, "ఎవర్నిరా, నిన్నా?" అని పొట్ట పట్టుకుని నవ్వింది.

నువ్వు ఇంకొకటి అడిగావు. గాజువాక బస్సులో వెళ్ళినప్పుడల్లా పోర్టు వైపు చూస్తాననీ, నా క్రేను ఏదో తెలియక అన్నింటికీ చూపు పంపిస్తాననీ రాశావు. ఇరవై రెండేళ్ళలో ఈ మాట ఎప్పుడూ చెప్పలేదేమిటి? ఫోన్‌లో పాల ప్యాకెట్టు తెమ్మంటావు, గ్యాస్ వచ్చిందంటావు. బొగ్గు దించే చోట మూడు పసుపు క్రేన్లూ ఒక ఎర్రదీ ఉంటాయి. ఎర్రది నాది. అది కదులుతుంటే కదిపేది నేనే. ఇప్పుడు నాకూ పని పెరిగింది. గాజువాక వెళ్ళే ప్రతి బస్సునీ చూడాలి.

ఇక చివరిది. ఇది చెప్పాలా వద్దా అని ఇందాకటినుంచీ పెన్ను పట్టుకుని ఆగుతున్నాను.

ఫోను వచ్చేసింది. పోయిన గురువారమే. పొద్దున్న పదింటికి మోగితే ఉలిక్కిపడ్డాను. హేమశ్రీ. "సార్, మీ రెండు నంబర్లూ ఇప్పుడే తెరిచారు. డిసెంబరుదాకా పాత రేటే. గంగాలమ్మగారికి ఎక్కువ కట్టింది వెనక్కొచ్చింది" అని ఆ పిల్ల ఒకటే సంతోషం. పెట్టేసి, వెంటనే నీ నంబరు తీశాను. వేలు దానిమీదే ఉంది. నొక్కలేదు.

నొక్కితే నువ్వు "హమ్మయ్య" అంటావు. తర్వాత "అన్నం తిన్నావా?" అంటావు. రాయబోతున్న ఉత్తరం మానేస్తావు. నాకు ఆ ఉత్తరం కావాలనిపించింది. అందుకని ఐదు రోజులు దొంగలా ఊరుకున్నాను. నువ్వక్కడ ఫోను లేక బాధపడుతున్నావని తెలిసీ ఊరుకున్నందుకు తప్పు చేశాననే అనిపించింది.

నిన్నటిదాకా అనిపించింది. నిన్న నీ ఉత్తరం రెండోసారి చదువుతూ పైన తేదీ చూశాను. శనివారం. నంబర్లు వచ్చింది గురువారం, ఇద్దరివీ ఒకేసారి, తెరిచామన్న మెసేజ్‌తో సహా. అంటే నీ ఫోను రెండు రోజులుగా పనిచేస్తూ ఉండగా, దాన్ని పక్కన పెట్టుకుని, "ఈ ఫోను ఎప్పటికి వస్తుందో ఏమో" అని రాశావు నాగమణీ! పైగా డబ్బు కట్టావా అని మూడుసార్లు!

నేను నవ్విన నవ్వుకి అమ్మ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. ఏమైందో చెప్పలేదు. ఆవిడకి చెప్పే మాట కాదు.

నువ్వు వచ్చేది ఇంకా పదిహేను రోజులకి. అటొకటి, ఇటొకటి ఉత్తరాలు పడతాయి. అప్పటిదాకా నేను ఫోను చెయ్యను, నువ్వూ చెయ్యకు. మీ బావగారికి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. సూరన్నకి మాత్రం ఇంకా రాలేదనే చెప్పాను. పాపం, రోజూ నా తరఫున ఆ కంపెనీని తిట్టిపోస్తున్నాడు.

వెంటనే జవాబు రాయి. ఈసారి కూడా పైన తేదీ వెయ్యడం మర్చిపోకు.

ఇట్లు,
నీ భర్త,
దొరబాబు