కొసరు బస్తాలు

ఫైలకా దీవి, కువైట్
11-3-1984

అమ్మకు నమస్కరించి నీ పెద్దకొడుకు రాసేది. ఇక్కడ నాన్న, నేను క్షేమం. అక్కడ నువ్వు, చెల్లి క్షేమమని తలుస్తాను. క్షేమం అన్న మాట ఈసారి రాయడానికి చాలాసేపు పట్టిందమ్మా.

నీ ఉత్తరం శనివారం పడవలో అందింది. చేపలు దొరుకుతున్నాయా అని అడిగావు. దొరుకుతున్నాయి. అచ్చిబాబు మామయ్య పులుసు పెడితే గదంతా మన వీధి వాసనే. డిగ్రీ పాఠాల పుస్తకాలు కూడా చేరాయి. నాన్న పంపే ఉత్తరాల్లో చేతిరాత ఎందుకు మారిందన్నావు. దానికి జవాబు చివర రాస్తాను.

ఈ దీవికి ఉప్పు నుంచి సిమెంటు దాకా అన్నీ పడవ మీదే రావాలి. రేవులో నాన్న ముఠా, ఆ ఎనిమిది మంది, ఎంత దించితే ఇక్కడ అంత పని సాగుతుంది. డిసెంబరులో ఆఫీసులో లెక్కలు రాసుకుంటున్న నన్ను సూపర్‌వైజరు పిలిచి స్టాప్‌వాచీ చేతికిచ్చాడు. మనిషి గంటకు ఎంత పని చేయగలడో కొలవాలన్నాడు. నా పాఠంలో దాన్ని ‘ఉత్పాదకత’ అన్నారు. ఆ మాట ఎంత నచ్చిందంటే స్నానం చేస్తూ కూడా పైకి అనుకునేవాణ్ణి. ఆయన తన లావుపాటి డిక్షనరీ కూడా నాకే ఇచ్చేశాడు.

“కొలిస్తేనే కదా, వీళ్ళకి నీడ, విశ్రాంతి ఎంత కావాలో తెలిసేది” అన్నాడు.

అదే ముఠాకు చెప్పాను. కంపెనీ చెబితే నమ్మేవాళ్ళు కాదు. నేను చెప్పాను కాబట్టి నమ్మారు.

కొలిచే రోజు వాచీ పట్టుకుని రేవులో కూర్చున్నాను. “ఆయ్, మన బుల్లిరాజు గారబ్బాయి కలం పట్టుకుని కూకున్నాడండోయ్! ఈ గంటలో నీళ్ళెవడు తాగుతాడో చూత్తాను” అని అరిచాడు అచ్చిబాబు మామయ్య. మామూలుగా గంటకు వంద బస్తాలు దించేవాళ్ళు ఆ గంటలో నూట ఇరవై దించారు. గంట అయిందని నేను విజిల్ వేశాక కూడా నవ్వుకుంటూ మనిషికి రెండేసి మోసుకొచ్చారు. “ఇయ్యి మా అబ్బాయికి కొసరు” అన్నాడు నాన్న. మన కాలువ రేవులో కొబ్బరికాయలు లెక్కపెట్టాక నూటికి నాలుగు పైన వేసేవాడు కదా, అలాగే.

నేను నూట ముప్పై ఆరు అని రాశాను.

పది రోజుల్లో అదే కొలత గోడకెక్కింది. మనిషికి గంటకు పదిహేడు బస్తాలు. మూడు వారాల్లో అందుకోలేని వాళ్ళకు ఖలాస్, పని పోయినట్టే. నాన్న మోకాలు సంగతి నీకు తెలుసు, గంటకు పన్నెండు దాటలేకపోయాడు. ఆయన ఇఖామా, అదే ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి, ఇక పొడిగించబోమన్నారు.

డిక్షనరీ తీసుకుని సూపర్‌వైజరు దగ్గరికి పరుగెత్తాను. “సార్, నీడ కోసమన్నారు కదా?”

“ఇంత వేగంగా చేసేవాళ్ళకి నీడెందుకు? నీ కాగితమే చెబుతోంది” అన్నాడాయన, తల ఎత్తకుండా. డిక్షనరీ ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చాను. దానిలో నేను గీతలు పెట్టుకున్న మాటలు ఎన్నో ఉన్నాయమ్మా. ఒక్కటీ గుర్తుకు తెచ్చుకోబుద్ధి కావడం లేదు.

ఆయన నన్ను మోసం చేశాడని అందరికీ చెప్పుకుని తిరిగాను. అది నిజమే, కాని సగమే. ఆ పదహారు బస్తాలు విజిల్ తర్వాతవని నాకు తెలుసు. విడిగా రాసి ఉండవచ్చు. మనవాళ్ళ అంకె పెద్దదిగా కనిపించాలని, దాన్ని నేనే చూపించాలని కలిపేశాను. నాన్న ఒక్కటే అడిగాడు: “కొసరు లెక్కలో రాత్తార్రా ఎవరన్నా?”

ఆ రోజు నుంచి ఆయన ఉత్తరాలు నా చేత కాకుండా, మా గదిలో ఉండే మహమ్మద్ గౌస్ చేత రాయించుకుంటున్నాడు. చేతిరాత మారింది అందుకే.

ఇవాళ గౌస్ పని మీద పడవెక్కి ఫహాహీల్ ఊరికి వెళ్ళాడు. నాన్న వచ్చి నా మంచం చివర కూర్చుని, గోడవైపు చూస్తూ, “మీ అమ్మకి నాలుగు ముక్కలు రాయి. నేను చెప్పిందే రాయి. ఏవీ కలపకు” అన్నాడు. ఆయన చెప్పింది ఇది:

‘గురువారం బయలుదేరుతున్నాను. మోకాలు బాగానే ఉంది. కంగారు పడకు.’

అంతే చెప్పి లేచాడు. గోడ పట్టుకుని లేచాడమ్మా. ఈ చివరి మాట ఆయనది కాదు, నాది. అందుకే విడిగా రాస్తున్నాను.

ఇట్లు,
నీ పెద్దకొడుకు
వెంకటసత్యనారాయణ