మంట నా కడుపులో, పరీక్ష మా ఆయన కడుపుకు

గద్వాల నేతవాడలో మోకాళ్ల మాత్రను పరీక్షించుచున్న శిబిరపు పెద్ద డాక్టరు చంద్రశేఖర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మందు పరీక్షకు "ఆడవారు ముందుకు వచ్చుట లేదు" అని తమరు వ్రాసిన మాటను కొట్టివేసి, నా పేరు చేర్చుకొనుట గురించి.

నేతపనివాడు లక్ష్మణ్ భార్యనైన వసంత అను నేను చేసుకొను మనవి ఏమనగా:

1. కొత్త మాత్ర మనుషుల మీద ఎట్లు పనిచేయునో చూచుటకు తమరు మా వాడలో శిబిరము పెట్టిన దినమున, మగవారందరూ టీ చల్లారకముందే సంతకములు చేసిరి. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడుగలేదు. మా ఆయన రొమ్ము విరుచుకొని, "గుంటమగ్గంల కాళ్లు పెట్టి బతికినోళ్లం, గీ గోలీ మమ్ముల ఏం జేస్తది?" అని సెలవిచ్చినారు. తమరు చప్పట్లు కొట్టినారు.

2. నేను మాత్రము అడిగితిని. మా ఇండ్లలో కొత్త రంగు తెచ్చినచో నూలంతా ముంచము. ముందు ఒక చిన్న చిలప, అనగా గుప్పెడు పోగుల కట్ట, ముంచి, ఆరవేసి, తెల్లగుడ్డకు రుద్ది చూచెదము. అందుకే "సార్, ముందుగాల ఎవరి మీద చూసిన్రు? కడుపు ఖరాబైతే ఎవరు చూస్తరు?" అంటిని. మగవారు మంచమెక్కినచో చూచుటకు మేమున్నాము. మేమెక్కినచో కండెలు ఎవరు చుట్టెదరు, కుండ ఎవరు దించెదరు? దీనిని తమ సిబ్బంది "భయము, అనాసక్తి" అని వ్రాసుకొనిరి. అట్లయితే వంకాయను తిప్పి చూసి కొను ప్రతి ఆడదీ పిరికిదే అనవలెను.

3. ఇక అసలు సంగతి వ్రాయక తప్పదు. ఇంటికి వచ్చినాక మా ఆయన ఆ మాత్రను అరచేతిలో పెట్టుకొని తేలును చూచినట్లు చూచినారు. "వసంతా, నీకూ మోకాళ్లే గద నొస్తున్నయి. జర నువ్వే మింగు. నీకెట్లుంటే గట్లనే శిబిరంల నాకైనట్టు చెప్త" అన్నారు. నేను వెంటనే మింగలేదు. పక్కింటి బాలయ్య మామ కూడ సంతకము చేసినారు గనుక కొన్నాళ్లు ఆయనను గమనించితిని. మామ నిక్షేపముగా తిరుగుచుండిరి. చిలప రంగు నిలిచినదనుకొని మింగుట మొదలుపెట్టితిని.

4. మోకాళ్లు నిజముగా తేలికపడినవి. కాని ఇప్పుడు కడుపులో ఒకటే మంట. నేను చెప్పినది చెప్పినట్లు మా ఆయన శిబిరములో అప్పజెప్పుచున్నారు. తమరు ఆయన పొట్ట నొక్కి, "అంతా బాగుంది" అని పంపుచున్నారు. ఆయన పొట్టకేమి, రోజూ నేనే వండి పెట్టుచున్నాను గదా. అయ్యా, నాకిప్పుడు నిజముగానే భయమగుచున్నది.

కావున నా పేరు చేర్చుకొని, నా పొట్టను, నా రక్తమును పరీక్షించి, మాత్ర ఆపవలెనో సాగించవలెనో నాకే చెప్పగలరు. ఇంతటి ధైర్యవంతుని భార్య మొరను చిత్తగించవలెను.

తమ విధేయురాలు (ఈ ఒక్క విషయములో మా ఆయనకు కాదు),
వసంత

తా.క.: సార్, అర్జీ మడుస్తుంటే బాలయ్య మామ భార్య సుభద్రమ్మత్త వచ్చింది. చదివి వినిపిస్తే తల పట్టుకొని కూసుంది. "ఓసి వసంతా, మీ మామ గోలీ ఎన్నడు మింగిండే? నేనే మింగుతున్న. మీ లక్ష్మణ్ మంచిగ తిరుగుతుండు గదా అని ధైర్యం జేసిన!" అంటుంది. ఆమెకు కూడ మంటనే. ఇద్దరం రేపు పొద్దుగాల వస్తున్నం, జర డాక్టరమ్మను ఉంచుండ్రి. ఈ గోలీ మా వాడల ఒక్క మొగోడన్న మింగిండా, ముందుగాల అది కనుక్కోండ్రి.