మూడో ఈత ల్యాప్‌టాప్

టేకల్,
14 సెప్టెంబరు 2025, ఆదివారం.

చిరంజీవి వీణకు అమ్మ పుష్పావతి ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ మేము, ఆవులు, పట్టుపురుగులు అందరమూ క్షేమం. నువ్వు క్షేమమో కాదో నీ ఫోన్ చెప్పడం లేదు కాబట్టి, క్షేమమనే అనుకొని మొదలుపెడుతున్నాను.

పోయిన వారం నువ్వు ల్యాప్‌టాప్‌ను పట్టుపురుగులు గూడు కట్టే చంద్రికల పక్కన పడేసి, "ఇంగ నేను ఆ కోర్సుకు పోనమ్మా, పేరు తీయించేస్తాను" అని బెంగళూరు రైలెక్కేశావు. కంప్యూటర్లో గీసిన ఇంటి బొమ్మ ఇవ్వాల్సిన రోజే అది బిగుసుకుపోయిందనీ, క్లాసులో అందరూ ఇచ్చేశాక నువ్వొక్కదానివే ఖాళీ చేతులతో నిలబడ్డావనీ ఏడుస్తూ చెప్పావు. మీ నాన్నేమో ఐ7 తీసిచ్చినా ఏడుపేనా అని విసుక్కున్నాడు. మీ ఇద్దరి కోపాల మధ్య నీ చదువు పోవడానికి నేను ఒప్పుకోను. ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం.

మీ నాన్న పిసినారితనంతో పాతది కొన్నాడని నువ్వు అనుకుంటున్నావు. అది కాదు. ఆ రోజు కేజీఎఫ్ అంగట్లో ఆయన ముందు రెండు పెట్టారట. ఒకటి ఐ3, పన్నెండో తరం. ఇంకొకటి ఐ7, మూడో తరం. ఏ సంతకు పోయినా మీ నాన్న ఆవు వీపు మీద చెయ్యి వేసి మొదట అడిగేది ఎన్నిసార్లు ఈనింది, ఎన్నో ఈత అనే కదా. మూడో ఈతది అంటే పాలు నిండుగా ఇచ్చే వయసు. పన్నెండో ఈతది ఊరికే ఇస్తామన్నా ఆయన తాడు ముట్టుకోడు. మూడు కంటే ఏడు పెద్దది, పైగా మూడోది, ఇంకేం కావాలని సంబరంగా తెచ్చేశాడు. పాల డెయిరీలో అందరికీ చెప్పుకున్నాడు కూడా.

నువ్వు పోయాక హైస్కూల్లో కంప్యూటర్ చెప్పే రత్న టీచరును అడిగాను. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఒకే కాలంలో పుట్టిన వాటిల్లో ఏది గట్టిదో చెప్తాయట. ఎప్పుడు పుట్టిందో చెప్పేది తరం. ఆ అంకె పెరిగేకొద్దీ కొత్తది. మన ఐ7 నువ్వు పలకా బలపం పట్టుకొని తిరిగేనాటిది, కొత్త విండోస్ దానికి ఎక్కదు అన్నది. ఇదంతా మీ నాన్నకు విడమరిచి చెబితే, "మూడో ఈత ఆవును ఇడిసిపెట్టి పన్నెండో ఈతది యాడన్నా పట్టుకొస్తారా?" అని తిరిగి నన్నే అడిగాడు.

ఇక వాదించి లాభం లేదని నిన్న ఆయన్ను కేజీఎఫ్ మీదుగా పోయే మారికుప్పం రైలెక్కించి ఆ అంగడికే తీసుకుపోయాను. మన ఐ7నూ, నువ్వు గీసిన ఇల్లున్న పెన్‌డ్రైవ్‌నూ సంచిలో వేసుకున్నాను. అంగడి మోహన్‌కుమార్ ఆ పన్నెండో తరం ఐ3 గొప్పలు మొదలుపెట్టబోతే ఆపేశాను. ఆవును కొనేముందు పాలు పిండి చూపించమంటాం, దీన్నీ అట్లాగే చూపించమన్నాను. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టించి, నువ్వు గీసిన ఇంటిని రెండింట్లోనూ ఒకేసారి తెరిపించాను.

ఐ3లో ఇల్లు వచ్చేసింది. కిటికీలు, మెట్లు, మేడ మీద నువ్వు పెట్టిన పూలకుండీలతో సహా. మోహన్‌కుమార్ దాన్ని గిరగిరా తిప్పి అన్ని వైపులా చూపించాడు. మన ఐ7 మాత్రం మేత కోసే మిషనులాగా రొద చేస్తూ ఇంకా గోడల దగ్గరే ఉంది. మీ నాన్న ఇటు చూశాడు, అటు చూశాడు. నువ్వు ఏం చదువుతున్నావో ఆయన కళ్ళారా చూడడం అదే మొదలు. తెర మీదికి వంగి, "ఇది మన పాప కట్టిన ఇల్లా? ఇంత బాగుండాదే" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తప్పు ఒప్పుకున్నాడా అంటే, అదేమీ లేదు. కానీ కొత్తదాన్ని టవల్లో చుట్టుకొని, టేకల్‌లో దిగేదాకా ఒళ్ళో నుంచి దించలేదు.

రేపు ఈ ఉత్తరమూ, కొత్తదీ ఆయనే తెచ్చి నీ చేతికిస్తాడు. మొహం ముడుచుకొని తీసుకోవద్దు. టిఫిన్ తినిపించు, ఐ7 ఊసెత్తకు. ఈసారి గూళ్ళు మంచి ధర పలికాయి, ఆ బెంగ నీకొద్దు. పేరు తీయించడం మాత్రం కుదరదు. మీ మేడమ్ దగ్గరికి పోయి ఇంకో గడువు అడుగు. ఇవ్వనంటే మళ్ళీ పోయి అడుగు. మొండితనంలో నువ్వు మీ నాన్న కూతురివే కదా, అది అక్కడ చూపించు. ఆ ఇల్లు పూర్తిచేసి ఇచ్చి తీరాలి.

ఇట్లు,
నీ ఫోన్ కోసం చూస్తూ ఉండే
అమ్మ

తా.క.: అమ్మ చేతిరాత ఏదీ, ఈ అచ్చు ఏమిటి అని మొదటి వరుస దగ్గరే అనుకొని ఉంటావు. పాతదాన్ని మార్చుకుంటానని మోహన్‌కుమార్ అడిగినా నేను ఇవ్వలేదు. నువ్వు పడేసి పోయిన మరునాటి నుంచే రత్న టీచరు దగ్గర నేర్చుకుంటున్నాను. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఈ ఉత్తరమంతా దాంట్లోనే కొట్టి, స్టేషన్ దగ్గర జిరాక్స్ అంగట్లో ప్రింటు తీయించాను. డెయిరీ సెక్రటరీ గోపాలప్ప దసరా తర్వాత మానేస్తున్నాడు. ఆ పనికి కంప్యూటర్ తెలిసినవాళ్ళే రావాలన్నారు. నేను అర్జీ పెట్టాను. మీ నాన్నకు ఇంకా తెలియదు, అందుకే కవరు అంటించాను. పరీక్ష పెడతారట, భయంగానే ఉంది. నువ్వు పేరు తీయిస్తే నేనూ నా అర్జీ వెనక్కి తీసుకుంటాను, ఇప్పుడే చెప్తున్నాను. ఆన్ చేసి పోయి, రెండు ఆవులను పిండి వచ్చేసరికి ఈ ఐ7 తెరుచుకొని ఉంటుంది. నాకు ఆ వేగం చాలు. నీకు చాలదు.