టోపీ కొలత

ఫిబ్రవరి 21, శుక్రవారం. బట్టలు ఉతికి ఆరేశాను, మందుల పెట్టె సర్దాను, మీ నాన్నకి గడ్డం గీశాను. దిండు గలేబు కుట్టడం మిగిలింది, అది రేపటికి.

చిట్టితల్లికి అమ్మ దీవెనలు. ఇక్కడ మేమిద్దరం కుదురుగానే ఉన్నాం, నువ్వు వేళకి తింటున్నావని తలుస్తాను. ఫోనులో అయితే మధ్యలో అడ్డు తగులుతావు, అందుకే ఉత్తరం.

తలలో నీరు చేరొచ్చని డాక్టరు ముందే ఎలా చెప్పారని అడిగావు. మెట్ల మీద పడ్డాక, వాచిన మెదడుకి చోటివ్వడానికి మీ నాన్న పుర్రెలో కుడిపక్క ఎముక తీసి ఉంచారు కదా. వయసు, దెబ్బ తీవ్రత, తీసిన ఎముక నడినెత్తికి ఎంత దగ్గరన్నది, స్కానులో మెదడు పక్కన కనిపించే నీటి పొర, ఇవన్నీ కలిపి అంచనా వేస్తారట.

"ఇలాంటివాళ్ళు పదిమంది ఉంటే నలుగురికి నీరు చేరుతుందమ్మా," అన్నారు డాక్టరు.

"ఈయన ఆ నలుగురిలోనా, మిగతావాళ్ళలోనా?"

"అది మాత్రం చెప్పలేం. మీరే కనిపెట్టుకుని ఉండాలి."

కనిపెట్టింది నేను కాదు, టోపీ. ఎముక లేని చోట దెబ్బ తగలకుండా ఆయన పాత చొక్కాతోనే, లోపల దూది పెట్టి కుట్టాను. మొదట్లో అక్కడ గుంటలా ఉండేది, టోపీ హాయిగా కూర్చునేది. కిందటి వారం, "బిగుతుగా ఉందే. కొలత తప్పావు," అన్నారు.

"ఇన్నేళ్ళుగా మీ జేబులు కుడుతున్నాను, ఎప్పుడైనా తప్పానా?"

"జేబుకి తలకాయ ఉండదుగా."

నవ్వొచ్చింది. కుట్టు విప్పి వేలెడు వదులు చేశాను. మర్నాడు మళ్ళీ బిగుసుకుంది. ఆ పూట ఆయన కంచం ముందు కూర్చుని, చేయి పెట్టకుండా దాన్నే చూస్తూ ఉండిపోయారు. ఉతకని గుడ్డ ఎందుకు కుంచించుకుపోతుంది? టోపీ తీసి చూస్తే గుంట లేదు, ఆ చోటు ఉబ్బి ఉంది. సూదీ దారం పక్కన పెట్టి బండి పిలిచాను.

ఇక దాచిన మాట. పోయిన శనివారం ఆపరేషను అయింది. నీరు తలలోంచి కడుపులోకి దిగేలా చర్మం కింద సన్నని గొట్టం వేశారు. "నాన్న నిద్రపోతున్నారు" అని నీకు చెప్పింది ఆసుపత్రి వరండాలోంచి. గొట్టం పడకముందు ఆయన నా వైపు తిరిగి, "మీరెవరండీ?" అని అడిగారు తల్లీ. ఆ మర్యాద నీ చెవిన పడకూడదనుకున్నాను. నిన్న ఇంటికొచ్చాం. ఎముక తిరిగి పెట్టే పని ఇంకా ఉంది. దానికి నువ్వు రావాలి. ఇప్పుడు మాత్రం అక్కడ నీ శిక్షణ మధ్యలో వదిలేసి పరుగెత్తుకు రాకు.

ఈ పొద్దున టోపీ పెడితే చెవుల మీదికి జారింది.

"ఏమే, ఇది వదులైపోయింది."

"విప్పిన కుట్టు మళ్ళీ వేస్తాను లెండి."

కాసేపు దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి, "కొలత నువ్వు తప్పలేదులే," అన్నారు.

ఆ మాట ఆయన నాకు బాకీ. ఇవాళ్టితో చెల్లు.

ఇట్లు,
కొలత తప్పని మీ అమ్మ