మా పడవ మీద మీ రాత

పలాస,
4-12-2006.

ఫోను కంపెనీ మేనేజరుకి,

గౌరవనీయులైన అని రాయబుద్ధి కాలేదు. బారువలో మా నాన్న పడవకి మీవాళ్లు ఉచితంగా రంగేసి, "నడిసంద్రంలోనూ మాట్లాడండి" అని రాశారు. అది నమ్మి ఆయన మీ సిమ్ము కొన్నాడు. మొన్న మంగళవారం సంద్రంలో ఇంజను ఆగిపోతే, ఒడ్డున కొబ్బరిచెట్లు కనపడుతున్నా మీ ఫోనులో ఒక్క గీత సిగ్నల్ రాలేదు. ఆరు గంటలు కొట్టుకుపోయాక ఢిల్లీరావు మావ పడవ అటు రాబట్టి బతికాడు.

నిన్న ఆదివారం, నేను పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీకి సెలవు. మూడు కంపెనీల సిమ్ములు పట్టుకుని మావతో నేనే వెళ్లాను. మీది అలలు దాటగానే చచ్చింది. మిగతా రెండూ నాన్న చిక్కుకున్న చోట కూడా పలికాయి. మావ సంద్రంలోకి కాండ్రించి ఉమ్మాడు.

"రంగు మాత్రం గట్టిదిరా అల్లుడూ, ఉప్పునీటికీ ఊడనేదు."

మీ అబద్ధాన్ని నేనే గీకేశాను. ఇప్పుడు మీ పెయింటరు మిగతా పడవలకీ అదే రాస్తానని తిరుగుతున్నాడు. ముందు మీరు రండి. అదే చోటికి తీసుకెళ్లి ఇంజను ఆపుతాం. మీ ఫోనుతో ఒడ్డు నుంచి పడవని పిలిపించుకోండి. అది వచ్చాక రాద్దురుగాని.

ఇట్లు,
ఆ పడవాయన కొడుకు.