పైకి చూసే బాణం

బావా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. పలాసలో మన రక్తపరీక్షల ల్యాబ్‌లో ఈ రోజు కొత్త కంప్యూటర్ బిగించారు. ఇక రిపోర్టుల్లో బాణం గుర్తు మనం కొట్టక్కర్లేదు. లెక్క పెరిగితే అదే వేసుకుంటుంది.

నోట్‌ప్యాడ్‌లో ఆల్ట్ నొక్కిపట్టి, కుడిపక్క అంకెల్లో రెండూ నాలుగూ కొట్టి వదిలితే పైకి చూసే బాణం వస్తుందని నేర్పింది నువ్వే. కిడ్నీ జబ్బుల ఉద్దానం నుంచి వచ్చేవాళ్లు చాలామంది ఇంగ్లీషు చదవలేరు, బాణం కోసమే వెతుకుతారు. కిడ్నీ లెక్క పక్కన అది కనబడితే కాగితం మడిచేస్తారు. అవి కొట్టి కొట్టి నాకు విసుగొచ్చేసింది, బావా.

నీ రిపోర్టు మాత్రం నువ్వే టైపు చేసుకున్నావు. లెక్క పెరిగినా బాణం కొట్టలేదు. "మాయమ్మ సూత్తాది బావా" అన్నావు. నేను అలాగే ప్రింటు తీసిచ్చాను.

ఈ రోజు మీ అమ్మ తన రిపోర్టు కోసం వచ్చింది. జీడిపిక్కలు ఒలిచి నల్లబడ్డ వేలితో కాగితమంతా వెతికి, బాణం దగ్గర ఆగింది.

"కొత్త మిషనత్తా, అదే ఏసేత్తంది. తీసేసి ఇంకోటి ఇమ్మంటావా?" అన్నాను.

"ఒద్దు నాయినా, ఉండనీ. మావోడు బాణం నేని కాయితం తెచ్చిన దినమే నాకు తెలిసిపోనాది. అది నా సేతికిచ్చినప్పుడు ఆడు నాకేసి సూడనేదు."

ఇందాక కాగితం ఇచ్చేటప్పుడు నేనూ చూడలేదు, బావా.